తేనె రంగు చుక్క

వంతెన పక్కన నిలిపిన పాత కారు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. అంత వెలుతురులోనూ ఆ కాళ్ళ మనిషి చేతిలో టార్చిలైటు వెలుగుతోంది. పట్టపగలు దీపం పట్టుకుని వెతికే అలవాటు వల్ల పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడే ఆయనకు లాంతరు అని పేరు పడింది. ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ అయినా ఆ పేరు ఆయన్ను వదల్లేదు.

"గురువుగారూ, చిల్లరేమైనా పారేసుకున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు లాంతరు దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ గురువుగారు అనే మాటలో గౌరవం కంటే వెటకారమే ఎక్కువ.

లాంతరు టార్చిని ఇంకాస్త లోపలికి తిప్పాడు. ఆయన మాటల మనిషి కాదు.

ఆ కారు తాళాల తాతది. ఊళ్ళో ఏ తాళం మొరాయించినా, ఏ ఇనప్పెట్టె తెరుచుకోకపోయినా ఆయన్నే పిలుస్తారు. నిన్న పొద్దున ఎవరో ఫోను చేసి పాత పెట్టె ఒకటి తెరవాలన్నారు. ఎక్కడికో ఇంట్లో చెప్పకుండానే ఆయన కారు తీశాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. పొద్దుగూకే వేళకు కారు ఈ వంతెన నడిమధ్య కనబడింది. పక్కనే వంతెన అంచు కటకటాల దగ్గర ఆయన చెప్పులు జతగా ఉన్నాయి. పొద్దున ఎనిమిది నుంచీ కారు అక్కడే ఉందని వంతెన కాపలాదారు చెప్పాడు.

దాంతో ఇన్‌స్పెక్టరు లెక్క తేలిపోయింది. ముసలాయన పొద్దున్నే వచ్చి నదిలో దూకాడు. తెల్లవారినప్పటి నుంచీ ఈతగాళ్ళు నీళ్ళు గాలిస్తున్నారు. మధ్యాహ్నానికి వాళ్ళను గట్టుకు పిలిచి ఫైలు మూసేస్తానని ఆయన చెప్పేశాడు.

ఫైలు మూసేస్తే ఇక తాత కోసం ఎక్కడా ఎవరూ వెతకరు. మనిషి నేల మీద ఎక్కడో ఊపిరితో ఉన్నా చచ్చినవాళ్ళ లెక్కలో చేరిపోతాడు. అందుకే తాత కూతురు పొద్దున్నే వచ్చి లాంతరు తలుపు తట్టింది. ఇప్పుడు కటకటాలకు వీపు ఆనించి నిలబడి ఉంది. నీళ్ళ వైపు మాత్రం చూడటం లేదు.

లాంతరు కారు కింద నుంచి బయటికి వచ్చాడు. వేలికి అంటిన జిడ్డును ఎండలో పెట్టి చూశాడు. తేనె రంగులో ఉంది. వాసన చూసి, బొటనవేలితో రుద్ది, కారును లాక్కుపోవడానికి వచ్చిన మెకానిక్కు వైపు తిరిగాడు.

"ఇంజనులో ఏ ఆయిలు పోశావు?"

"ఎప్పుడూ పోసేదే," అన్నాడు మెకానిక్కు. ఆయన తాతకు పాత స్నేహితుడు. కారు కొన్న నాటి నుంచి దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చూపు లాంతరు మీద లేదు. తాత కూతురి మీద ఉంది. ఆమె తల దించుకుంది.

లాంతరు బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే కడ్డీని లాగి గుడ్డకు తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. కడ్డీని మెకానిక్కు ముక్కు ముందు పెట్టాడు. పాత బండ్లకు పోసే చిక్కటి ఆయిలు ఇంత పలచగా జారదు. ఇన్ని వేల మైళ్ళు తిరిగిన ఇంజనులో అది తారులా నల్లబడి ఉండాలి. ఇది వడగట్టినట్టు ఉంది.

మాట కూతురే అందుకుంది.

"ఆయన్ను అడక్కండి. నేనే పోయించాను."

ఆమె ఎక్కువసేపు చెప్పలేదు. పొద్దున్నే కారు స్టార్టు చేస్తే ఇంజను టకటకా కొట్టుకునేది. చలిలో మరీ ఎక్కువ. సింథటిక్ ఆయిలు పోస్తే పాత ఇంజను ఇంకో పదేళ్ళు బతుకుతుందని ఆమె చదివింది. తండ్రి ససేమిరా అన్నాడు. పాత ఇంజనుకు కొత్త రకం పోస్తే ఆయిలును ఆపే రబ్బరు సీళ్ళన్నీ కారిపోతాయని ఆయన పట్టుదల. తన కారు ఇన్నేళ్ళలో నేల మీద ఒక్క చుక్క వెయ్యలేదని నలుగురిలో చెప్పుకోవడం ఆయనకు అలవాటు. అందుకని పోయిన వారం ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు, మెకానిక్కు మావయ్యను బతిమాలి చాటుగా మార్పించింది.

"మార్చాక కారడం మొదలైందా?" అన్నాడు లాంతరు.

"మూడో నాటికే. రాత్రిపూట కారు కింద పళ్ళెం పెట్టేదాన్ని. నాన్న లేవకముందే తీసేసేదాన్ని."

మెకానిక్కు ఇక ఆగలేకపోయాడు. తప్పు ఆయిలుది కాదన్నాడు. ఇంజను వెనకవైపు సీలు ఎప్పుడో ఎండిపోయింది. పేరుకున్న మడ్డే ఇన్నాళ్ళూ దాని పగుళ్ళకు అడ్డం పడి ఉంది. తను ఇంజను లోపల కడిగి, కొత్త ఆయిలు పోసేసరికి ఆ మడ్డి కరిగిపోయింది. సీలు అసలు రంగు బయటపడింది. కొత్త సీలు తెప్పించానని, ఈ వారమే వేసేవాణ్ణని చెప్పి, ఆయన కంట నీరు పెట్టుకున్నాడు. దారిలో ఆయిలు ఖాళీ అయి ఇంజను పట్టేసి, ఆ దిగులుతోనే స్నేహితుడు నీళ్ళలో దూకాడేమోనని నిన్నటి నుంచి ఆయన గుండెలో రాయి పడ్డట్టు ఉంది.

"ఇంజను పట్టెయ్యలేదు," అన్నాడు లాంతరు. "ఆయిలు ఇంకా సగం పైనే ఉంది. కారు ఇప్పటికీ బాగానే నడుస్తుంది."

ఆ ఒక్క మాటకు మెకానిక్కు ముఖంలోకి రక్తం వచ్చింది.

లాంతరు వాళ్ళను అక్కడే వదిలి వంతెన నడిమధ్యకు నడిచాడు. కారు మొదట కనబడిన చోట పోలీసులు చక్రాల గుర్తులు సుద్దముక్కతో గీశారు. ట్రాఫిక్‌కు అడ్డమని నిన్న పొద్దుగూకగానే కారును అక్కణ్ణుంచి తోసి పక్కకు పెట్టారు. సుద్దగీతల మధ్య లాంతరు వంగి టార్చి వేశాడు. ఒక చిన్న మరక. రూపాయి బిళ్ళంత. అదీ తేనె రంగే.

ఆయన ఇన్‌స్పెక్టరును చేత్తో పిలిచాడు.

"రాత్రంతా కారు ఆ పక్కన నిలబడింది. దాని కింద మరక చూశావా?"

"చూశాను. అన్నం పళ్ళెమంత ఉంది. ఐతే?"

"ఇది చూడు."

ఇన్‌స్పెక్టరు చూశాడు. పెద్ద తేడా ఏముందన్నట్టు భుజాలు ఎగరేశాడు.

"ఒక రాత్రికి పళ్ళెమంత కారే బండి, పొద్దున ఎనిమిది నుంచి పొద్దుగూకేదాకా ఇక్కడ నిలబడి ఇంతే కార్చిందా? పైగా అప్పుడే ఆగిన వేడి ఇంజను. ఇంకా ఎక్కువ కారాలి."

ఇన్‌స్పెక్టరు చూస్తుండగానే లాంతరు కాపలాదారును పిలిపించాడు. అతనికి గట్టిగా నలభై ఏళ్ళుంటాయి. బలంగా ఉన్నాడు. వంతెన మీద నడుస్తుంటే ఒక అడుగు టక్కుమంటోంది, ఒక అడుగు దబ్బుమంటోంది. కుడి బూటు మడమకు ఇనప నాడా ఉంది. ఎడమదానికి ఊడిపోయింది.

కారు ఎప్పుడు వచ్చిందని లాంతరు అడిగాడు. పొద్దున ఎనిమిదికి అన్నాడు కాపలాదారు. నువ్వు కళ్ళారా చూశావా అని అడిగాడు. చూశానన్నాడు. ఏ వైపు నుంచి వచ్చింది? ఊరి వైపు నుంచి. నడుపుతున్నది ఎవరు? ముసలాయనే. దిగి ఏం చేశాడు? తను అప్పుడు అటు తిరిగి ఉన్నానన్నాడు.

"రోజంతా అటే తిరిగి ఉన్నావా?" అన్నాడు లాంతరు.

కాపలాదారు ఆ చిన్న మరకను చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు. నిన్న పగలంతా తను డ్యూటీలో లేనని ఒప్పుకున్నాడు. ఒంట్లో బాగోక ఇంట్లో పడుకున్నాడట. సాయంత్రం వచ్చేసరికి కారు ఉందట. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో పొద్దున్నుంచీ ఉందని చెప్పేశాడట. "పిల్లలున్నవాణ్ణి బాబుగారూ," అన్నాడు.

లాంతరు అతన్ని వదిలేశాడు. టక్కు, దబ్బు అంటూ అతను వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఐతే ఏమంటారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కోపం అణచుకుంటున్నాడు. "కాపలావాడు అబద్ధం చెప్పాడు. సరే. ముసలాయన సాయంత్రమే వచ్చి దూకాడు. నీళ్ళు మాత్రం అవే కదా."

"మరి పొద్దున్నుంచీ ఎక్కడున్నాడు?"

"ఆయిలు చుక్కను ఏ జడ్జి ముందు నిలబెట్టమంటారు నన్ను? ఏమని సాక్ష్యం చెబుతుంది అది? మీ రోజులు వేరు గురువుగారూ. ఇప్పుడు పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి."

"మధ్యాహ్నం దాకా టైముంది. నీ జీపులో నన్ను తిప్పు. తప్పైతే ఫైలు నువ్వే మూసెయ్. ఈ అమ్మాయితో ఆ మాట నేనే చెబుతాను."

ఇన్‌స్పెక్టరు తాత కూతురి వైపు చూశాడు. ఆమె వంతెన మీదకు వచ్చాక మొదటిసారి తలెత్తి నిలబడి ఉంది. ఆయన విసుక్కుంటూనే జీపు తాళం చెవి తీశాడు.

మెకానిక్కును కారు దగ్గర ఉంచి ముగ్గురూ బయలుదేరారు. వేగంగా పోయే బండి కింద పడే చుక్క దుమ్ములో చెదిరిపోతుందని లాంతరుకు తెలుసు. ఆగిన చోటే మరక నిలుస్తుంది. వంతెన దాటితే దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఊళ్ళోకి. రెండోది రైలు గేటు మీదుగా పాత గోదాముల దగ్గరికి వెళ్ళి అక్కడే ముగిసిపోతుంది.

ఊరి దారిలో సిగ్నలు దగ్గర ఏమీ దొరకలేదు. అక్కడి మరకలన్నీ నల్లవి. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. లాంతరు వెనక్కి తిప్పమన్నాడు.

రైలు గేటు వేసి ఉంది. జీపు ఆగగానే లాంతరు దిగి, పట్టాలు దాటి అవతలి వైపుకు వెళ్ళాడు. గోదాముల నుంచి వంతెన వైపు వచ్చే బండ్లు ఆగే చోటు అది. గేటు పడితే అక్కడ ఎవరైనా నిలబడాల్సిందే. వరసగా నల్ల మరకలు. వాటి మధ్య, ఎండకు మెరుస్తూ, చింతగింజంత చుక్కలు మూడు.

తాత కూతురు పరుగున వచ్చి పక్కన కూర్చుంది. వేలితో ముట్టుకుని చూసింది. రోజూ పళ్ళెంలో చూసే రంగు ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. గేటు లేవగానే జీపును ఇంతకుముందు కంటే వేగంగా నడిపాడు.

గోదాములు చాలా వరకు పాడుబడ్డాయి. తలుపులకు తుప్పు, గడపల్లో గడ్డి. చివరి దాని ముందు మాత్రం సిమెంటు నేల మీద రంపపు పొట్టు కుప్పగా పోసి ఉంది. లాంతరు బూటు కొనతో పొట్టు జరిపాడు. కింద పళ్ళేనికి రెండింతల మరక. రోజంతా నిలబడిన బండి కార్చినంత. ఎవరో దాన్ని చూసి కప్పెట్టారు. కానీ తుడిచిపెట్టాలని అనుకోలేదు. పాత కారు కింద ఆయిలు పడటం వింతేమీ కాదు కదా.

తలుపుకు పెద్ద ఇత్తడి తాళం. ఇన్‌స్పెక్టరు జీపులోంచి ఇనప కడ్డీ తెచ్చి కొక్కెంలో దూర్చాడు.

"పగలగొట్టకండి," అంది లోపల నుంచి ఒక గొంతు. "మంచి తాళం అది."

కూతురు రెండు చేతులతో తలుపు పట్టుకుంది. "నాన్నా" అనేలోపు ఏడుపు వచ్చేసింది.

"ఎందుకే ఏడుస్తావు. అది నా చేతి తాళమే. మొదట్లో చేసిన రకం. చెవి పోగొట్టుకుని గగ్గోలు పెట్టేవాళ్ళ కోసం కింద ఒక దారి పెట్టాను. నీకు చిన్నప్పుడు చూపించాను గుర్తుందా? పిన్నీసు ఉందా నీ దగ్గర?"

ఉంది. ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గరి పిన్నీసు తీసి, తాళం అడుగున తడిమి, గుచ్చి పక్కకు తిప్పింది. తాళం నోరు తెరిచింది.

తాళాల తాత నలిగిపోయి ఉన్నాడు కానీ నిక్షేపంలా ఉన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. వెనక మనిషెత్తు ఇనప్పెట్టె. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఇద్దరు మనుషులు. ముఖాలకు గుడ్డలు. పెట్టె తెరిస్తే వదిలేస్తామన్నారు. తన చెప్పులూ కారు తాళం చెవీ లాక్కుపోయారు. పెట్టె ఎవరిదో తెలియదు. అసలు మనిషి అది తెరుచుకున్నాకే వస్తాడట. వాళ్ళిద్దరూ ఇప్పుడు తినడానికి పోయారు.

"నిన్నటి నుంచీ తెరవలేకపోయారా మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయనకది నమ్మశక్యంగా లేదు.

తాత ముఖం చిన్నబోయింది. "చెవులు పోయాయి బాబూ. పెట్టె తెరవడం చేతుల పని కాదు, చెవుల పని. లోపల తాళం పళ్ళు పడే చప్పుడు వినాలి. ఈ వారంగా నా కారు ఇంజను టకటకే నాకు వినబడటం లేదు. ఇక ఈ పెట్టె ఏం వినబడుతుంది? చెయ్యి పెడితే వణుకు. ఆలస్యం చేస్తున్నానని వాళ్ళు అనుకుంటున్నారు. నిజంగానే నా వల్ల కావడం లేదు."

కూతురు లాంతరు వైపు చూసింది. లాంతరు తల ఊపాడు.

"నీ చెవులకు ఏమీ కాలేదు నాన్నా. నీకు జ్వరం వచ్చినప్పుడు కారులో సింథటిక్ ఆయిలు పోయించాను. ఇంజను చప్పుడే తగ్గింది."

తాత ఆమె ముఖంలోకి చూశాడు.

"కారుతోందా?" అన్నాడు.

"కారుతోంది."

"చెప్పానా నేను?"

"ఆ కారడం వల్లే మీ జాడ పట్టుకోగలిగాం," అన్నాడు లాంతరు.

తాత పెట్టె దగ్గరికి పోయి, చల్లటి ఇనుముకు చెవి ఆనించి, దాని అంకెల చక్రం మీద వేళ్ళు పెట్టాడు. ఈసారి ఆ వేళ్ళు వణకలేదు.

ఇన్‌స్పెక్టరు ఆయన్ను వెంటనే జీపెక్కించాలన్నాడు. తాత ఒప్పుకోలేదు. తను కనబడకపోతే వాళ్ళు పారిపోతారు, అసలు మనిషి ఎన్నటికీ దొరకడు, రేపు ఇంకో ముసలాణ్ణి పట్టుకొస్తాడు అన్నాడు. తలుపు మళ్ళీ తాళం వేసెయ్యమన్నాడు. కూతురు వద్దని చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"నేను ఈయనతో లోపల ఉంటాను," అన్నాడు లాంతరు. "నువ్వు జీపును వెనక దాచి, ఈ అమ్మాయిని అందులో ఉంచి, పక్క గోదాములో కాపుకాయి. వైర్‌లెస్‌లో మనుషుల్ని పిలు."

ఇన్‌స్పెక్టరు కాదనబోయి ఆగాడు. "జాగ్రత్త గురువుగారూ," అన్నాడు. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు.

తలుపు మూసుకుంది. బయట తాళం పడింది. లాంతరు పెట్టె వెనక చీకట్లో కూర్చుని టార్చి ఆర్పాడు. చక్రం తిరుగుతున్న చప్పుడు కూడా ఆయనకు వినబడటం లేదు. కొంతసేపటికి పెట్టెలో ఏదో మెత్తగా పడింది. తాత పెద్దగా ఊపిరి వదిలాడు.

"తెరుచుకుంది," అన్నాడు గుసగుసగా. "చెవులు పోలేదు నాకు. ఇంతకీ ఆ ఆయిలు మంచిదేనన్నమాట."

అప్పుడే దూరంగా బండి ఆగింది. తాత చెయ్యెత్తి లాంతరును ఆపాడు. తలుపు వైపు చెవి తిప్పాడు.

"ముగ్గురు దిగారు. ఇద్దరు పాతవాళ్ళే. మూడోవాడు కొత్త. ముందు నడుస్తున్నాడు. ఒక కాలికి నాడా ఉంది, ఒక కాలికి లేదు."

వంతెన మీద చేతులు జోడించిన మనిషి లాంతరు కళ్ళ ముందు మెదిలాడు. ఇంట్లో పడుకుని అబద్ధం చెప్పినవాడు కాదు అతను. కారును తెచ్చి నిలబెట్టినవాడు. తాము ఎటు బయలుదేరామో నిలబడి చూసి, పెట్టె తెరుచుకునేదాకా ఆగకుండా తాతను ఇక్కణ్ణుంచి తరలించడానికి వచ్చిన అసలు మనిషి.

టక్కు, దబ్బు. ఇప్పుడు లాంతరుకు కూడా వినబడుతోంది. ఆయన టార్చి మీట మీద బొటనవేలు పెట్టాడు. చీకట్లో తాత చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడింది.

"కంగారు పడకండి," అన్నాడు తాత. "పక్క గోదాములో మీవాడు కదులుతున్నాడు. రైలు గేటు అవతల ఇంకో రెండు జీపులు వస్తున్నాయి. నాకు అంతా బాగా వినబడుతోంది."